ప్రింటర్ పక్కనే ఉంది, ఫోనుకు కనబడదు

పొందూరు పిల్లలకు యాప్‌లు రాయడం నేర్పుతుంటే ఒకమ్మాయి అడిగింది: “మాస్టారూ, ఐపీ అడ్రస్ కొడితే ప్రింట్ వస్తాది. యాప్‌తో వెతికిస్తే మాత్రం ప్రింటర్ ఓసారి దొరుకుతాది, ఓసారి దొరకదు. ఫోనూ, ప్రింటరూ ఒకే వైఫైలో ఉన్నాయి కదా?” ఆ పూట సిలబస్ అటకెక్కింది.

ఇంటర్నెట్‌లో పేరు చెబితే చిరునామా చెప్పే డీఎన్ఎస్ సర్వర్లున్నాయి. ఇంటి వైఫైలో ఆ పని చేసేవాళ్లు లేరు. అందుకే ఫోను 224.0.0.251 అనే ఉమ్మడి చిరునామాకు, 5353 పోర్టు మీద, అందరినీ ఒకేసారి అడుగుతుంది. ఉన్నవి పలుకుతాయి. ఇదే ఎండీఎన్ఎస్. యాపిల్ కంపెనీ పాత నెట్‌వర్క్ పద్ధతి యాపిల్‌టాక్‌లోని ఈ సుఖాన్ని ఐపీ నెట్‌వర్క్‌లకు తేవాలని పట్టుబట్టినవాడు యాపిల్ ఇంజనీరు స్టువర్ట్ చెషైర్. అది 2002లో రాండేవూ పేరుతో వచ్చింది, ట్రేడ్‌మార్క్ తగాదాతో 2005లో బోంజూర్ అయింది. మైక్రోసాఫ్ట్ వైపు నుంచి యూపీఎన్‌పీ, ఎల్ఎల్ఎంఎన్ఆర్ అనే పద్ధతులు పోటీకి దిగాయి. నా ఓటు చెషైర్‌కే. కారణం, ఆయన పద్ధతికున్న పొదుపు.

నేత వీధి మొదట్లో నిలబడి “సన్న ఖద్దరు ఎవరి దగ్గరుంది?” అని కేకేశారనుకోండి. మూలింటివాళ్లు పలికారు. రెండోసారి “మూలింట్లో ఉందని తెలుసు, ఇంకెవరి దగ్గరుంది?” అంటారు. మూలింటివాళ్లు మళ్లీ పలకనక్కర్లేదు. ఎండీఎన్ఎస్ సరిగ్గా ఇదే చేస్తుంది: తనకు తెలిసిన జవాబులను ప్రశ్నలోనే జతచేస్తుంది. పలికేవి ఒకదాని మీద ఒకటి పడకుండా 20 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య ఎంతో కొంత ఆగి పలుకుతాయి. ప్రశ్నకూ ప్రశ్నకూ ఎడం సెకనుతో మొదలై ప్రతిసారీ కనీసం రెట్టింపవుతుంది, గంట దాకా పోవచ్చు.

తీగ మీద ఇంత పొదుపు ముచ్చటే. వైఫైలోనే చిక్కు. ఒక్కరికే పంపిన ప్యాకెట్ అందితే అవతలివాళ్లు రసీదు ఇస్తారు, రాకపోతే మళ్లీ పంపుతారు. రూటర్ అందరికీ కలిపి వదిలేదానికి రసీదు లేదు, పోతే పోయినట్టే. ఫోను ప్రశ్న రూటర్ దాకా భద్రంగానే వెళ్తుంది. అక్కణ్నుంచి ప్రింటర్‌కు వెళ్లేటప్పుడు పోవచ్చు. జవాబు కూడా రూటర్ దాకా బాగానే వచ్చి, ఫోనుకు చేరేలోపు పోవచ్చు. అలా ఒకటి పోయిందా, తర్వాతి ప్రశ్న మరింత ఆలస్యం. దీనికి మందు కూడా ఎండీఎన్ఎస్ ప్రమాణంలోనే ఉంది: “జవాబు నాకొక్కడికే పంపు” అని ప్రశ్నలో ఒక బిట్ పెట్టొచ్చు. దాంతో తిరుగు దారికి రసీదు వస్తుంది.

ప్రింటర్ కనబడకపోవడానికి మిగతా కారణాలు త్వరగా. గెస్ట్ వైఫైలో రూటరే పరికరాలను విడదీస్తుంది. ఆ అమ్మాయికి ఐపీతో ప్రింట్ వచ్చింది కాబట్టి అది కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావరకు బ్యాటరీ కోసం ఈ ఉమ్మడి ప్యాకెట్లను పారేస్తాయి. ప్యాకెట్లను యాపే స్వయంగా చదువుతుంటే వాటిని రానిచ్చే మల్టీకాస్ట్ లాక్ తీసుకోవాలి. ఐఫోన్‌లో 2020 నాటి ఐఓఎస్ 14 నుంచి లోకల్ నెట్‌వర్క్ అనుమతి కావాలి. వాడేవాళ్లు ఒకసారి “వద్దు” నొక్కితే యాప్‌కు ఏమీ కనబడదు.

యాప్ రాసేవాళ్లకు ఒక మాట. ఒకసారి దొరికిన ప్రింటర్ చిరునామా దాచుకుని, ముందు దాన్నే నేరుగా పలకరించండి. ఐపీ చేత్తో కొట్టే పెట్టెను మాత్రం ఎప్పటికీ తీసేయకండి.