చదువుల అంగడిలో సాలెగూడు

ఒక యేడు మిరపకు మంచి ధర పలికినదనుకొందము. మరుసటి యేడు అందరును మిరపయే వేయుదురు. పంట యార్డుకు చేరునప్పటికి సరకు పేరుకొని ధర పడిపోవును. నష్టపడిన రైతులు ఆపై యేడు మిరపను తగ్గింతురు. సరకు కరవై ధర మరల ఎక్కును. ఇందు రైతు తెలివితక్కువతనమేమియు లేదు. విత్తునాటి ధరను చూచి అమ్మునాటి ధరను ఊహింపవలసి వచ్చుటయే చిక్కు.

ఈ హెచ్చుతగ్గులను పటముపై గీచినచో గీతలు సాలెగూడువలె అల్లుకొనును. అందుచే అర్థశాస్త్రజ్ఞులు దీనిని సాలెగూటి సిద్ధాంతమనిరి. 1928 ప్రాంతమున జర్మనీలో ఆర్థర్ హనావ్ పందుల ధరలలో ఇట్టి చక్రమును గుర్తించెను. 1938లో అమెరికాలో మోర్డెకై ఇజెకీల్ ఆ సిద్ధాంతమును విపులముగా వివరించెను.

చదువులకు దీనితో నేమి సంబంధము? ఇంజనీరింగు చదువు నాలుగేండ్ల పంట. విద్యార్థి నేటి జీతములను చూచి శాఖను ఎన్నుకొనును; నాలుగేండ్లు గడచినగాని ఉద్యోగముల అంగడికి చేరడు. అంతలో తనవంటివారు వేలమంది అదే శాఖలో చేరియుందురు. హార్వర్డు ఆచార్యుడైన రిచర్డ్ ఫ్రీమన్ 1976లో అమెరికా ఇంజనీర్ల విషయమున దీనిని పరీక్షించెను. ప్రారంభ జీతములు పెరిగినపుడు చేరువారు పెరుగుట, వారందరు ఒక్కమారు బయటికి వచ్చినపుడు జీతములు సడలుట, అది చూచి క్రొత్తవారు వెనుకాడుట ఆయన లెక్కలలో కనబడెను.

పంటకును చదువునకును ఒక భేదము కలదు. అమ్ముడుపోని మిరపను శీతల గిడ్డంగిలో దాచవచ్చును; యువకుని నాలుగేండ్లను దాచలేము. రైతు మరుసటి యేడు వేరొక విత్తనము చల్లును. పట్టభద్రునికి మరల మొదటినుండి చదువుట అంత సులభము కాదు.

అయితే విద్యార్థులందరును నేటి జీతమునే చూతురనుట సరికాదు. 2004లో వెలువడిన రియూ, రోజెన్ అనువారి పరిశోధన ప్రకారము ఇంజనీరింగులో చేరువారు రాబోవు అవకాశములను చాలవరకు సరిగనే అంచనా వేయుచున్నారు. అనగా భవిష్యత్తును గూర్చిన సమాచారము అందినచోట సాలెగూడు పలచబడును.

అందనిచోట ఏమగును? డొమినికన్ రిపబ్లిక్ దేశములో రాబర్ట్ జెన్సెన్ ఎనిమిదవ తరగతి బాలురను ప్రశ్నించెను. ఉన్నత పాఠశాల చదువు ముగించినచో ఆదాయమెంత పెరుగునో వారు ఊహించినది వాస్తవముకన్న చాల తక్కువ. కొన్ని బడులలో అసలు లెక్కలు తెలుపగా, ఆ బాలురు తరువాతి నాలుగేండ్లలో సగటున 0.20 నుండి 0.35 సంవత్సరము వరకు అధికముగ చదివిరి. 2010లో ప్రకటితమైన ఈ ఫలితములో ఇంకొక సంగతి గమనింపదగినది: మిక్కిలి పేద యిండ్లలో ఈ మార్పు అంతగా కనబడలేదు. తెలిసినంత మాత్రమున చాలదు. చదివించు శక్తియు కావలెను.

ఇటీవలి యేండ్లలో మన రెండు తెలుగు రాష్ట్రములలో కంప్యూటరు శాఖలకు పోటీ హెచ్చినది. సివిల్, మెకానికల్ శాఖలలో అనేక కళాశాలలందు సీట్లు మిగిలిపోవుచున్నవి. కంప్యూటరు చదువు చెడ్డదని దీని అర్థము కాదు. కాని అందులో చేరు విద్యార్థి "ఇప్పుడు జీతమెంత?" అని అడిగి ఊరకుండరాదు. "నాతోపాటు ఎందరు బయటికి వత్తురు? అప్పటికి ఈ పని ఎవరికి కావలసియుండును? అవసరమైనచో వేరొక పనికి మరలుటకు వలయు గణితము, భౌతికశాస్త్రము నాకు గట్టిగా వచ్చునా?" అనియు అడుగవలెను. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును పిల్లలచే ఈ ప్రశ్నలు వేయింపవలసినది ఫలితములు వచ్చిన తరువాత కాదు, శాఖను ఎన్నుకొనుటకు ముందే.