నెత్తుటి బొట్టులో ఉపవాసం

1948 జనవరి 13న, పగలు పన్నెండు కావస్తుండగా, గాంధీజీ ఢిల్లీ బిర్లా హౌస్‌లో నిరాహార దీక్షకు కూర్చున్నారు. అప్పటికి ఆయన వయసు 78. మూడు రోజులు తిరగకుండానే ఆయన మూత్రంలో అసిటోన్ కనిపిస్తోందని వైద్యులు చెప్పారు. తిండి అందని శరీరం తన కొవ్వునే ఇంధనంగా వాడుకుంటోందనడానికి అది గుర్తు. ఆ వయసు మనిషికి, అందులోనూ మూత్రపిండాలు సరిగా పనిచేయని మనిషికి, అది ప్రమాద సూచన. 18న ఆయన దీక్ష విరమించారు.

ఆనాడు వైద్యులను కలవరపెట్టిన ఆ పదార్థానికి తోబుట్టువు లాంటి కీటోన్ కోసమే ఇవాళ ఢిల్లీ, గురుగ్రామ్, నోయిడాల్లో కొందరు పొద్దున్నే వేలు గుచ్చుకుంటున్నారు. కీటో డైట్ మీద ఉండి, మధ్యమధ్య ఉపవాసాలు చేస్తూ, మీటరు మీద అంకె పెరిగితే సంతోషిస్తున్నారు. ఆ మీటరు పుట్టింది మాత్రం బరువు తగ్గాలనుకునేవాళ్ళ కోసం కాదు.

కార్బోహైడ్రేట్లు బాగా తగ్గినప్పుడు ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. కొవ్వు నిల్వల నుంచి కొవ్వు ఆమ్లాలు విడుదలై కాలేయానికి చేరతాయి. కాలేయం వాటి నుంచి అసిటోఅసిటేట్, బీటా హైడ్రాక్సీ బ్యుటరేట్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అసిటోఅసిటేట్‌లో కొంత విడిపోయి అసిటోన్‌గా మారి ఊపిరిలోంచి బయటికి పోతుంది. ఈ మూడింటినీ కలిపి కీటోన్లు అంటాం.

వీటిని మొదట పట్టించింది చక్కెర వ్యాధి. 1857లో ప్రాగ్‌లో విల్హెల్మ్ పెటర్స్ ఒక రోగి మూత్రంలో అసిటోన్ ఉందని గుర్తించాడు. 1865లో గెర్హార్ట్ ఫెర్రిక్ క్లోరైడ్‌తో, 1883లో లెగాల్ నైట్రోప్రుస్సైడ్‌తో రంగు పరీక్షలు కనిపెట్టారు. 1908లో రోథెరా రెండో పద్ధతిని మెరుగుపరిచాడు. ఇప్పటికీ మందుల షాపులో దొరికే మూత్రం స్ట్రిప్ ఊదారంగుకు తిరిగేది ఆ నైట్రోప్రుస్సైడ్ వల్లే.

అయితే ఆ స్ట్రిప్‌కు ఒక పెద్ద లోపం ఉంది. అది చూసేది అసిటోఅసిటేట్‌నే. 1884లో మింకోవ్‌స్కీ, క్యూల్జ్ విడివిడిగా కనుక్కున్న బీటా హైడ్రాక్సీ బ్యుటరేట్ దాని కంటికి ఆనదు. ఇన్సులిన్ కొరతతో రక్తం ఆమ్లంగా మారే కీటోఅసిడోసిస్‌లో అసిటోఅసిటేట్ ఒక పాలు ఉంటే, ఈ రెండోది మూడు పాళ్ళు, ఒక్కోసారి పది పాళ్ళ దాకా ఉంటుంది. అంటే అసలు ముప్పే పరీక్షకు అందదు. ఇంతకంటే విచిత్రం చికిత్స మొదలయ్యాక జరుగుతుంది. ఇన్సులిన్ పడగానే రెండోది మొదటిదిగా మారుతుంది, స్ట్రిప్ రంగు ఇంకా ముదురుతుంది. రోగి కోలుకుంటుంటే పరీక్ష జబ్బు ముదిరిందని చెబుతుంది! రక్తంలోనే కొలవాలన్న పట్టుదల వెనుక ఉన్న కారణాల్లో ఇదొకటి.

దారి చూపింది ఆక్స్‌ఫర్డ్. 1962లో విలియమ్సన్, మెలన్బీ, హాన్స్ క్రెబ్స్ ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన ఎంజైముతో రక్తంలోని బీటా హైడ్రాక్సీ బ్యుటరేట్‌ను కచ్చితంగా కొలిచే పద్ధతి ప్రకటించారు. అదే ఏడు అమెరికాలో లేలండ్ క్లార్క్ ఎంజైమును ఎలక్ట్రోడుకు జతచేయవచ్చని చూపాడు. ఆ తర్వాత ఆక్స్‌ఫర్డ్, క్రాన్‌ఫీల్డ్ పరిశోధకులు ఎంజైముకూ ఎలక్ట్రోడుకూ మధ్య ఎలక్ట్రాన్లు మోసే ఫెర్రోసీన్‌ను వాడి, 1984లో గ్లూకోజ్ సెన్సర్ వివరాలు ప్రచురించారు. 1987లో మెడిసెన్స్ కంపెనీ దాన్ని పెన్ను సైజు మీటరుగా మార్కెట్లోకి తెచ్చింది. 1996లో ఆ కంపెనీని అబాట్ కొంది. కొన్నేళ్ళకు అదే మీటర్ల కుటుంబంలో, ఒకే మీటరులో గ్లూకోజ్‌కు ఒక స్ట్రిప్, కీటోన్‌కు ఇంకో స్ట్రిప్ పెట్టి చూసుకునే వీలు వచ్చింది.

కీటోన్ స్ట్రిప్‌కు కావలసిన రక్తం 1.5 మైక్రోలీటర్లు. పది సెకన్లలో ఫలితం వస్తుంది. స్ట్రిప్ మీద ఎండబెట్టిన ఎంజైము బీటా హైడ్రాక్సీ బ్యుటరేట్ నుంచి ఎలక్ట్రాన్లను లాగి ఎన్‌ఏడీ అనే అణువుకు ఇస్తుంది. అక్కడి నుంచి ఫెనాంత్రోలిన్ క్వినోన్ అనే మధ్యవర్తి వాటిని ఎలక్ట్రోడుకు చేరుస్తుంది. పుట్టిన కరెంటును మీటరు కొలిచి లీటరుకు ఇన్ని మిల్లీమోల్‌లు అని చూపిస్తుంది. ఎంజైము తేమను, వేడిని తట్టుకోలేదు. అందుకే ఒక్కో స్ట్రిప్‌ను విడివిడిగా రేకు పొట్లంలో మూసి అమ్ముతారు, 4 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచమంటారు. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఢిల్లీలో కారు డాష్‌బోర్డులో పడేసిన స్ట్రిప్ చెప్పే అంకెను నమ్మకూడదు.

ఉపవాసంలో కీటోన్ల అసలు పాత్ర బయటపడింది కూడా ఆ 1960ల్లోనే. తెలుగువాళ్ళ రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో దీక్ష మొదలుపెట్టి 58 రోజులు నిలిచారు. మెదడు గ్లూకోజ్ మీదే బతుకుతుందని అప్పటి వైద్యం నమ్మేది. అదే నిజమైతే, ఆ గ్లూకోజ్ కోసం శరీరం కండలనే కరిగించుకోవాలి, మనిషి అంతకాలం నిలవడం అసాధ్యం. 1967లో ఆలివర్ ఓవెన్, జార్జ్ కాహిల్ బృందం అయిదారు వారాలు పస్తులున్న ముగ్గురు స్థూలకాయుల మెదడుకు వెళ్ళే రక్తాన్నీ, అక్కడి నుంచి తిరిగొచ్చే రక్తాన్నీ పరీక్షించింది. మెదడు ఇంధనంలో మూడింట రెండు వంతుల దాకా కీటోన్లే అని తేలింది. తెలుగువాళ్ళ రాష్ట్రం కోసం ఒక మనిషి దేహం మోసిన భారం ఎంతటిదో నాకు ఈ పరిశోధన చదివాకే పూర్తిగా అర్థమైంది.

ఢిల్లీలో కీటో ఆహారం గురించి గర్వంగా చెప్పుకోవాల్సిన కథ ఆసుపత్రుల్లో ఉంది. మూర్ఛకు ఈ ఆహారాన్ని 1921లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రస్సెల్ వైల్డర్ ప్రతిపాదించాడు. ఎయిమ్స్‌లో సువాసిని శర్మ, షెఫాలీ గులాటి బృందం మందులకు లొంగని మూర్ఛ ఉన్న 102 మంది పిల్లల మీద జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. సవరించిన ఆట్కిన్స్ ఆహారం, అంటే రోజుకు 10 గ్రాముల కార్బోహైడ్రేట్లే, తీసుకున్న పిల్లల్లో 52 శాతం మందికి మూర్ఛలు సగానికి పైగా తగ్గాయి. మందులే వాడినవారిలో అలా తగ్గింది 11.5 శాతానికి. 2023లో అదే సంస్థ నుంచి మంజరి త్రిపాఠి బృందం పెద్దపిల్లల్లో, పెద్దవాళ్ళలో ఈ ఆహారం తీసుకున్నవారికి 26.2 శాతం, మందులే వాడినవారికి 2.5 శాతం అన్న ఫలితాన్ని ప్రచురించింది. కళావతీ శరణ్ పిల్లల ఆసుపత్రిలో సువాసిని శర్మ బృందం ఇంకో అడుగు వేసింది. అంతగా చదువుకోని తల్లిదండ్రులు కూడా నడపగలిగేలా ఈ ఆహారాన్ని సులభం చేసి, పరీక్షించి చూపింది. రొట్టె లేకుండా పిల్లవాడికి పూట గడపడమంటే ఉత్తరాది ఇంట్లో ఎంత కష్టమో అక్కడ ఉన్నవాళ్ళకు తెలుసు. నెయ్యి, మలై, పనీర్, గుడ్లతో ఆ తల్లులు నెలల తరబడి నెట్టుకొస్తారు. కీటోన్లు చూడడానికి ఇలాంటి ఇళ్ళలో సాధారణంగా వాడేది చవకైన మూత్రం స్ట్రిప్పే. రక్తపు కీటోన్ స్ట్రిప్ ఖరీదు గ్లూకోజ్ స్ట్రిప్‌కు కొన్ని రెట్లు.

బరువు కోసం కీటో చేసేవాళ్ళు ఒక్క సంగతి గ్రహించాలి. మీటరు రక్తంలో కీటోన్ ఎంతుందో చెబుతుంది. అది పొట్ట కొవ్వు నుంచి వచ్చిందో, మింగిన నూనె నుంచి వచ్చిందో దానికి తెలియదు. ఆంధ్ర, తెలంగాణల్లో వీరమాచనేని రామకృష్ణ ఆహార పద్ధతి వ్యాపించినప్పుడు ఎందరో కొబ్బరినూనె తాగారు. కొబ్బరినూనెలోని కొన్ని కొవ్వులు తేలిగ్గా కీటోన్లుగా మారతాయి, ఒంటి కొవ్వు గ్రాము తగ్గకపోయినా అంకె పెరగొచ్చు. రాత్రి భోజనం తర్వాత తెల్లవారేదాకా తినని మామూలు మనిషిలో అది 0.1 నుంచి 0.3 ఉంటుంది. కీటో ఆహారంలో 0.5 నుంచి 3 దాకా. సాయంత్రం చూస్తే పొద్దుటి కంటే ఎక్కువ ఉండటం మామూలే. 1 కంటే 2 గొప్పదనడానికి ఆధారం లేదు.

అదే అంకె మరో ఒంట్లో ప్రాణాంతకం. ఇన్సులిన్ మీద బతికే టైప్ 1 రోగికి 1.5 దాటితే హెచ్చరిక, 3 దాటితే అత్యవసరం. బోస్టన్‌లో 123 మంది పిల్లలు, యువకుల మీద జరిపి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మూత్రం బదులు రక్తంలో కీటోన్ చూసుకున్నవారికి ఆసుపత్రి పాలవడం, అత్యవసర విభాగానికి పరుగెత్తడం దాదాపు సగానికి తగ్గాయి. మీటరు రుజువు చేసుకున్న ఉపయోగం ఇదీ.

ఇంకో గుంపు మీద నాకు ఎక్కువ బెంగ ఉంది. చక్కెర వ్యాధికి వాడే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు చక్కెరను మూత్రంలోకి పంపేస్తాయి. 2020లో డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు ముగిశాక మన దేశంలో చవకై ఇంటింటికీ చేరింది. ఈ మాత్రలు వేసుకుంటూ నవరాత్రి వ్రతమో, కర్వా చౌతో, రంజానో, కీటో ఆహారమో పాటిస్తే షుగర్ 200 లోపే ఉండి కూడా రక్తం ఆమ్లంగా మారే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ సంస్థ 2015లోనే హెచ్చరించింది. గ్లూకోమీటరు అంతా బాగానే ఉందంటుంది. అప్పుడు నిజం చెప్పేది కీటోన్ స్ట్రిప్.

కనుక ఇంట్లో టైప్ 1 బిడ్డ ఉంటే ముందు ఈ మీటరు కొనండి, పది స్ట్రిప్పులైనా చల్లని చోట దాచండి. పైన చెప్పిన మాత్రలు వాడేవారు ఉపవాసానికి ముందే డాక్టరును అడగండి, మాత్ర ఎప్పుడు ఆపాలో ఆయనే చెప్పాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉండి కీటోన్ 1.5 దాటితే, షుగర్ ఎంతున్నా సరే, మళ్ళీ వేలు గుచ్చుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి బయలుదేరండి.