పాత కారులో ఆటోమేటిక్ గేరుబాక్సు : దోషాన్ని ఎక్కడ వెదకవలెను?

ఎడమకాలితో క్లచ్ తొక్కే పని లేని కారును మన ప్రాంతంలో చాలాకాలం విలాసవస్తువుగానే భావించారు. ఆ భావన సరికాదు. మోకాళ్ల నొప్పులతో బాధపడే పెద్దలు, గల్ఫ్ దేశాలలో ఏళ్ల తరబడి ఆటోమేటిక్ కార్లు నడిపి తిరిగివచ్చినవారు, పోలియో వలన ఎడమకాలు బలహీనపడినవారు అటువంటి కారునే కోరుకుంటారు. మన దేశానికి పోలియోరహిత ధ్రువీకరణ 2014లో లభించినప్పటికీ, అంతకుముందు ఆ వ్యాధికి గురైనవారు అనేకులు నేడు ఉద్యోగాలు చేసుకునే వయస్సులో ఉన్నారు. వారి బండి చెడితే ఆగిపోయేది షికారు కాదు, ఉద్యోగం. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు గనుక పది పన్నెండేళ్లు వాడిన బండి ఇంటికి వస్తుంది. అది మొరాయించిన నాడు షెడ్డులో "గేరుబాక్సు పోయింది, మార్చవలసిందే" అన్న ఒక్క వాక్యంతో రోగనిర్ణయం ముగిసిపోవడం కద్దు. ఆ ఖర్చు పాత బండి వెలలో పెద్ద భాగమే కాగలదు. ఆ వాక్యానికి తల ఊపేముందు ఏ క్రమంలో ఏమేమి పరిశీలించవలెనో వివరించడమే మా ఉద్దేశం.

ముందుగా మన బండిలో ఉన్నది ఏ జాతి ఆటోమేటిక్ అన్నది తేల్చుకొనవలెను. 2014లో మారుతీ సెలెరియోతో మన మార్కెట్టుకు వచ్చిన ఏ.ఎం.టి. నిజానికి మామూలు గేరుబాక్సే. క్లచ్ నొక్కే పనిని, గేరు మార్చే పనిని మనిషికి బదులు ఒక యంత్రాంగం చేస్తుంది, అంతే. అందులో తొలి అనుమానం అరిగిన క్లచ్ ప్లేటు మీదికి పోవలెను. ఎత్తు మీద బ్రేకు వేయక యాక్సిలరేటరుతోనే బండిని నిలిపి ఉంచే అలవాటు ఆ ప్లేటును కాల్చివేస్తుంది. ప్లేటు మార్చిన తరువాత అది ఎక్కడ అంటుకొంటున్నదో కంప్యూటరుకు మళ్లీ నేర్పవలసి ఉంటుంది. ఆ పని మరచినవాడు కొత్త ప్లేటునే తప్పుపడతాడు. బెల్టు, కప్పీలతో నడిచే సి.వి.టి. సంగతి వేరు, రెండు క్లచ్‌ల డి.సి.టి. సంగతి వేరు. మేము ఇక్కడ ప్రధానంగా చెప్పబోయేది టార్క్ కన్వర్టరు గల సాంప్రదాయిక ఆటోమేటిక్‌ను గురించి. హ్యుండాయ్ ఐ10లో వచ్చిన నాలుగు గేర్ల పెట్టె ఇటువంటిదే.

రెండు టేబుల్ ఫ్యానులను ఎదురెదురుగా ఉంచి ఒకదానికే కరెంటు ఇచ్చినచో, దాని గాలికి రెండవది కూడా తిరుగుతుంది. గాలికి బదులు ఆయిలును, రెండు ఫ్యానుల నడుమ ఆ ప్రవాహాన్ని అనుకూల దిశకు మళ్లించే మూడవ చక్రాన్ని ఊహించుకొన్నచో అదే టార్క్ కన్వర్టరు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో దీని మూలసూత్రానికి పేటెంటు పొందినది కార్ల కోసం కాదు, ఓడల కోసం! కన్వర్టరు వెనుక సూర్యుని చుట్టూ గ్రహాలవలె తిరిగే పళ్లచక్రాలు ఉంటాయి. వాటిలో దేనిని తిప్పవలెనో, దేనిని ఆపవలెనో లోపలి క్లచ్‌లు నిర్ణయిస్తాయి. ఆ క్లచ్‌లను బిగించేది కూడా ఆయిలు పీడనమే. అనగా ఈ పెట్టెలో ఆయిలు కేవలం కందెన కాదు. శక్తిని మోసేది, క్లచ్‌లను నొక్కేది, వేడిని బయటకు తీసుకొనిపోయేది అదే. కనుకనే పరీక్ష ఆయిలుతో మొదలు కావలెను.

ఆయిలు చూసే పద్ధతిలోనే పలువురు పొరబడతారు. ఇంజను ఆయిలువలె ఉదయమే చల్లని బండిలో చూస్తే లెక్క తప్పుతుంది. పదిహేను ఇరవై నిమిషాలు నడిపి, చదునైన నేల మీద నిలిపి, బ్రేకు తొక్కి ఉంచి గేరు కడ్డీని అన్ని స్థానాలకూ నెమ్మదిగా తిప్పి, తిరిగి 'పి'లోకి తెచ్చి, ఇంజను నడుస్తుండగానే కొలత పుల్లను తీసి తుడిచి మరల ముంచి చూడవలెను. చాలా కార్లకు ఇదే పద్ధతి. కాని హోండా కార్లలో పెక్కింటికి ఇంజను ఆపిన వెంటనే చూడవలెను. కొన్ని కార్లకు అసలు పుల్లే ఉండదు, అడుగున ఒక మర మాత్రమే ఉంటుంది. కనుక బండితో వచ్చిన పుస్తకమే ప్రమాణం. పాత బండి కొనేటప్పుడు ఆ పుస్తకాన్ని అడిగి తీసుకొనేవారు అరుదు!

మట్టం తక్కువైతే పంపు ఆయిలుతోపాటు గాలిని పీలుస్తుంది. 'డి'లో వేసిన తరువాత రెండు మూడు క్షణాలకు గాని బండి కదలకపోవడం, ఎత్తు మీద ఇంజను హోరు పెరిగినా వేగం పెరగకపోవడం దీనివలన కూడా కలుగుతాయి. ఈ ఆయిలు పెట్రోలువలె ఖర్చయ్యేది కాదు. తగ్గినదంటే ఎక్కడో కారుతున్నది అనియే అర్థం. అడుగు పళ్లెం గాస్కెట్టు, ఇరుసుల వద్ద సీళ్లు, రేడియేటరుకు పోయే గొట్టాలు చూడవలెను. రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. కొత్త ఆయిలు సాధారణంగా ఎర్రగా ఉంటుంది. నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్‌లు కాలుతున్నవి. గులాబీ రంగు పాలవలె ఉంటే రేడియేటరు నీరు గేరుబాక్సులోకి చేరినది, అప్పుడు బండిని ఒక్క కిలోమీటరు కూడా నడపరాదు.

ఆయిలు బాగున్నదనుకొందాం. అప్పుడు కూడా పెట్టె విప్పనవసరం లేని కారణాలు ఎన్నో కలవు. కడ్డీ 'పి' నుండి కదలనే కదలదు, యజమాని గుండె జారిపోతుంది. వెనుక నిలబడి బ్రేకు లైటు వెలుగుతున్నదో లేదో ఒకరిని చూడమనండి. వెలగకపోతే దోషం చాలావరకు బ్రేకు పెడలు వద్దనున్న చిన్న స్విచ్చిదే. బ్రేకు తొక్కినట్లు ఆ స్విచ్చి చెప్పనిదే కడ్డీ తాళం విడదు. 'పి'లో స్టార్టు కాని బండి 'ఎన్'లో స్టార్టయితే గేరు స్థానాన్ని తెలిపే స్విచ్చినో, కడ్డీ కేబులునో చూడవలెను. 'డి'లో వేయగానే ధన్ మని కుదుపు వస్తే ఇంజను మౌంటింగు రబ్బర్లు చిరిగి ఉండవచ్చును. ఇవన్నీ అల్పవ్యయంతో పోయే జబ్బులు.

అరవై నుండి ఎనభై కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటరు మీద కాలు తేలికగా ఉన్నప్పుడు బండి గరుకు రోడ్డు మీద పోయినట్లు వణకడం మరొక లక్షణం. టార్క్ కన్వర్టరులోని లాకప్ క్లచ్ సరిగా పట్టకపోతే ఇట్లా జరుగుతుంది. కాని అరిగిన స్పార్కు ప్లగ్గు వలన ఇంజను తడబడినా ఇదే వణుకు వస్తుంది. ప్లగ్గులు చూడకుండా కన్వర్టరు దింపించడం తొందరపాటు.

బండి ఒకే గేరులో చిక్కుకొని, డాష్‌బోర్డు మీద దీపం వెలిగితే అది కంప్యూటరు తీసుకొన్న ఆత్మరక్షణ చర్య. స్కానరు పెట్టించవలెను. అప్పుడు కనబడే 'పి0700' అన్న కోడును చూపి గేరుబాక్సు పోయినదనేవారు కలరు. ఆ కోడుకు అర్థం గేరుబాక్సు కంప్యూటరు వద్ద ఏదో ఫిర్యాదు నమోదైనదని మాత్రమే. ఆ ఫిర్యాదేమిటో లోపలి కోడు చెబుతుంది. 'పి0750' అయితే గేరు మార్చే ఒక సోలినాయిడ్ సర్క్యూటులో దోషం. అక్కడ కూడా వైరు తెగినదా, సోలినాయిడే చెడినదా అన్నది మీటరుతో చూడవలెను. బలహీనపడిన బ్యాటరీ సైతం ఇటువంటి అబద్ధపు ఫిర్యాదులు పుట్టించగలదు. వీటన్నిటి తరువాతనే పీడన పరీక్ష, ఆపైననే పెట్టె విప్పడం. ఈ క్రమాన్ని పాటించే మెకానిక్కు ఎక్కువ రుసుము అడిగినా ఇవ్వవచ్చునని మా అభిప్రాయం.

"పాత బండికి కొత్త ఆయిలు పోస్తే గేరుబాక్సు చస్తుంది" అన్న మాట షెడ్లలో ప్రచారంలో ఉన్నది. ఇది సగమే నిజం. క్లచ్‌లు అప్పటికే అరిగిపోయి, ఆ పొడి ఆయిలులో కలిసి ఉన్నప్పుడు, బండి జారడం మొదలైన తరువాత యజమాని ఆయిలు మార్పిస్తాడు. పది రోజులకు బండి ఆగిపోతుంది, నింద కొత్త ఆయిలు మీద పడుతుంది. అయితే యంత్రంతో ఒత్తిడి పెట్టి కడిగించడం కంటె, అడుగు మర విప్పి కారినంత తీసి అంతే పోయించడం క్షేమం. కన్వర్టరులో కొంత పాత ఆయిలు మిగులుతుంది గనుక కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మళ్లీ చేయించవలెను. పుస్తకంలో పేర్కొన్న రకం ఆయిలే పోయవలెను. సి.వి.టి.లో మామూలు ఆటోమేటిక్ ఆయిలు పోస్తే బెల్టు జారి పాడైపోతుంది. జీవితాంతం ఆయిలు మార్చనక్కరలేదని కొందరు అమ్మకందార్లు చెబుతారు. గేరుబాక్సులు తయారుచేసే జర్మన్ సంస్థ జడ్.ఎఫ్. మాత్రం తన పెట్టెలకు 80,000 నుండి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో ఆయిలు మార్చమని సూచిస్తున్నది. మే నెల ఎండలో హైదరాబాదు ట్రాఫిక్కులో పాకే బండికి ఇంకా ముందే మార్చినా నష్టం లేదు.

కొనేముందు బండిని చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. బానెట్ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలినచో అమ్మేవాడు ముందే నడిపి ఉంచాడన్నమాట. మరునాడు ఉదయం మళ్లీ వస్తామని చెప్పవచ్చును. రివర్సులో చిన్న ఎత్తు ఎక్కించి చూడడం మరువరాదు, అందరూ 'డి'లోనే నడిపి తృప్తిపడతారు.

బండి దారిలో పూర్తిగా ఆగిపోతే తాడు కట్టి లాగించరాదు. ఆయిలు పంపును తిప్పేది ఇంజను. ఇంజను ఆగి చక్రాలు మాత్రం తిరిగితే లోపలి భాగాలు ఆయిలు అందక ఒరుసుకొని కాలిపోతాయి. నాలుగు చక్రాలూ పైకెక్కే లారీని పిలిపించవలెను. అది సాధ్యం కాకపోతే కనీసం ఇంజను శక్తి అందే చక్రాలను నేల నుండి ఎత్తి లాగించవలెను.