లైనక్స్ లాప్‌టాప్‌లో వైఫై పలకాలంటే



2011 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత లాప్‌టాప్‌ల పథకాన్ని ప్రారంభించింది. సరిహద్దు జిల్లాల్లోని మన తెలుగు ఇళ్ళకూ ఆ యంత్రాలు వచ్చాయి. వాటిలో విండోస్‌తో పాటు బాస్ అనే మరో వ్యవస్థ కూడా ఉండేది. భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్ అన్నది దాని పూర్తి పేరు. చెన్నైలోని సీడాక్ సంస్థ డెబియన్ లైనక్స్ ఆధారంగా దానిని రూపొందించి 2007లో విడుదల చేసింది. అందులో తెలుగు కూడా రాసుకోవచ్చు.

ఇప్పుడు లైనక్స్ ప్రస్తావన ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. చాలా పాత లాప్‌టాప్‌లు విండోస్ 11కు పనికిరావు. అంతమాత్రాన వాటిని పాత సామాన్ల వాడికి వేయనక్కరలేదు. పిల్లల పాఠాలకు, దరఖాస్తులకు, ఉత్తరాలకు లైనక్స్‌తో అవి ఇంకా కొన్నేళ్ళు పనిచేయగలవు. అయితే లైనక్స్ వేసుకున్న వారిలో కొందరు, "అంతా బాగానే ఉంది గానీ వైఫై రావడం లేదు, యంత్రం చెడిపోయింది" అంటారు. నిజానికి చాలాసార్లు యంత్రం చెడిపోదు. మధ్యలో ఒక సహాయం అందక ఆగిపోతుంది, అంతే. ఆ సహాయం ఏమిటో చూద్దాం.

పూర్వం మద్రాసులో దుబాసీలు ఉండేవారు. కంపెనీ దొరలకు మన భాష రాదు, మన వర్తకులకు వారి భాష రాదు. మధ్యన దుబాసి నిలబడి ఇద్దరికీ మాట కలిపేవాడు. దుబాసి అవధానం పాపయ్య పేరుతో చెన్నైలో ఒక వీధే ఉంది. కంప్యూటరులోనూ అటువంటి దుబాసి ఒకడు కావాలి. లైనక్స్ మాట వైఫై చిప్‌కు అర్థమయ్యేలా చెప్పే ఆ చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కొన్ని కంపెనీలు విండోస్‌కు మాత్రమే దుబాసీని తయారుచేసి, తమ చిప్ భాషను రహస్యంగా ఉంచాయి. బ్రాడ్‌కామ్ చిప్‌ల సంగతి అటువంటిదే. స్వచ్ఛందంగా పనిచేసే ప్రోగ్రామర్లు కంపెనీ డ్రైవర్ ఆ చిప్‌తో ఎలా మాట్లాడుతుందో ఓపికగా పరిశీలించి, సొంతంగా డ్రైవర్ రాశారు. బి 43 అనే ఆ డ్రైవర్ 2008 జనవరిలో లైనక్స్‌లో భాగమైంది. 2010లో బ్రాడ్‌కామ్ తన కొత్త చిప్‌లు కొన్నింటికి తానే డ్రైవర్ మూలాన్ని బయటపెట్టింది.

డ్రైవర్ ఒక్కటే చాలదు. వైఫై చిప్ ఒక విచిత్రమైన నౌకరు వంటిది. రాత్రి నిద్రపోతే తన పని తానే మరచిపోతుంది. యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ దాని విధులు దానికి మళ్ళీ అప్పగించాలి. ఆ విధుల పట్టీని ఫర్మ్‌వేర్ అంటారు. అది కంపెనీ సొత్తు. అందుకే డెబియన్ వంటి సంస్థలు చాలాకాలం దానిని తమ అధికారిక డిస్కులో చేర్చలేదు. 2022లో సభ్యులు ఓటు వేసి ఆ నియమం మార్చారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి చాలా చిప్‌లకు ఫర్మ్‌వేర్ డిస్కులోనే వస్తోంది. కనుక మొదటి సలహా ఇది: ఎప్పటిదో పాత డిస్కు కాకుండా, కొత్త విడుదలను వాడండి.

ఇక వైఫై రానప్పుడు చేయవలసిన పని. కాగితం, కలం దగ్గర ఉంటే రాసుకోండి. అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే.

మొదట మీట చూడండి. చాలా లాప్‌టాప్‌లకు వైఫై ఆపే మీట పక్కనో, కీబోర్డు మీదో ఉంటుంది. టెర్మినల్ తెరచి ఆర్, ఎఫ్, కె, ఐ, ఎల్, ఎల్ అని కలిపి రాసి, కొంచెం ఎడమిచ్చి లిస్ట్ అని రాయండి. హార్డ్ బ్లాక్డ్ దగ్గర యెస్ అని వస్తే మీట ఆపి ఉందన్నమాట. సాఫ్ట్ బ్లాక్డ్ దగ్గర యెస్ ఉంటే, లిస్ట్ బదులు అన్‌బ్లాక్ ఆల్ అని రాస్తే చాలు.

రెండోది, చిప్ పేరు తెలుసుకోండి. ఎల్, ఎస్, పి, సి, ఐ అని రాస్తే ఒక పట్టీ వస్తుంది. అందులో నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరుసలో ఇంటెల్, రియల్‌టెక్, ఎథెరోస్, బ్రాడ్‌కామ్ వంటి పేరు కనిపిస్తుంది. సహాయం అడిగేటప్పుడు లాప్‌టాప్ కంపెనీ పేరు కన్నా ఈ వరుస ముఖ్యం.

మూడోది, ఫర్మ్‌వేర్. ఎస్, యు, డి, ఓ అని రాసి, ఎడమిచ్చి డి, ఎం, ఇ, ఎస్, జి అని రాయండి. యంత్రం తన దినచర్య అంతా చెబుతుంది. ఫర్మ్‌వేర్ దొరకలేదన్న వరుస ఉంటే రోగం తెలిసినట్టే. చిప్‌కు తగిన ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది.

కానీ దానిని తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ కావాలి కదా! పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదన్నట్టు ఉంటుంది. పాత బ్రాడ్‌కామ్ చిప్‌లకు ఇది తప్పదు. వాటి ఫర్మ్‌వేర్‌ను పంచే అనుమతి లేక, డెబియన్ డిస్కులో ఇప్పటికీ రాదు. దారి సులువే. ఆండ్రాయిడ్ ఫోనును ఛార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కు తగిలించి, ఫోను సెట్టింగుల్లో యుఎస్‌బి టెదరింగ్ ఆన్ చేయండి. ఫోనులోని డేటా లాప్‌టాప్‌కు వస్తుంది. పని అయ్యాక కేబుల్ తీసేయవచ్చు.

ఎంత చేసినా లోపలి చిప్ పలకకపోతే, యుఎస్‌బిలో గుచ్చే చిన్న వైఫై అడాప్టర్ కొనుక్కోవచ్చు. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో అవి దొరుకుతాయి. అక్కడొక జాగ్రత్త. పేరు ఒకటే ఉన్నా లోపలి చిప్ మారవచ్చు. టీపీ లింక్ వారి 722 ఎన్ అనే అడాప్టర్ మొదటి వెర్షన్‌లో ఎథెరోస్ చిప్ ఉంటే, రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ చిప్ వచ్చింది. అందుకని పెట్టె మీద వెర్షన్ అంకె చదవండి. వీలైతే లాప్‌టాప్ వెంట తీసుకువెళ్ళి, కొట్టులోనే గుచ్చి చూడండి.

చివరిగా ఒక మాట. లైనక్స్‌ను పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూడవచ్చు. లోపలి విండోస్‌ను, మీ ఫోటోలను, కాగితాలను అది ముట్టుకోదు. ముందు అలా నడిపి, వైఫై, శబ్దం, తెర సరిగా ఉన్నాయని తేల్చుకున్నాకే, మీ ఫైళ్ళకు నకలు తీసి పెట్టుకొని, లోపల వేసుకోండి. మీట, చిప్ పేరు, ఫర్మ్‌వేర్ – ఈ మూడూ వరుసగా చూడకుండా ఏ లాప్‌టాప్‌నూ పాత సామాన్లలో వేయకండి. అటక మీది ఆ యంత్రం మీ ఇంట్లో ఒక పిల్లవాడి చదువుకు ఇంకా ఉపయోగపడవచ్చు.