పొగకు ఎదురుగాలి

గురజాడవారి గిరీశం దగ్గర వెంకటేశం నేర్చుకున్న విద్య ముఖ్యంగా ఒక్కటే: చుట్ట కాల్చడం. ఒక్క శిష్యుడికే అన్ని కబుర్లు, పైగా పొగాకుమీద పద్యమూ కావలసివచ్చాయి. సిగరెట్టు కంపెనీలకు కోట్లమంది శిష్యులు కావాలి గదా! అమెరికాలో వాటికి టెలివిజన్ దొరికింది. గుర్రమెక్కిన పశువుల కాపరి కొండల నడుమ దర్జాగా సిగరెట్టు ముట్టించేవాడు, ఇంటిల్లిపాదీ చూసేవారు.

1964 జనవరి 11న అక్కడి ప్రభుత్వ వైద్యాధిపతి లూథర్ టెర్రీ, పొగతాగడం ఊపిరితిత్తుల కాన్సర్‌కు కారణమని నివేదిక వెలువరించాడు. షేర్ల బజారు అతలాకుతలమవుతుందని బజారుకు సెలవైన శనివారం చూసి మరీ ప్రకటించారు. 1966 నుంచి పెట్టెలమీద హెచ్చరికా వచ్చింది. కాని పెట్టె పక్కన సన్నక్షరాలు ఎక్కడ, తెరమీద గుర్రపు రౌతు ఎక్కడ!

ఆ యేడాది చివర జాన్ బాంజాఫ్ అనే ఇరవైఆరేళ్ల వకీలు న్యూయార్కులోని ఒక టెలివిజన్ స్టేషన్‌కు ఉత్తరం రాశాడు. వివాదమున్న ప్రజావిషయంలో రెండో పక్షం మాట కూడా వినిపించాలని అక్కడ ప్రసారసంస్థలకు ఒక నియమం వుండేది. సిగరెట్టు ప్రకటన ఒక పక్షమైతే రెండో పక్షానికి చోటేదీ అని అతని ప్రశ్న. స్టేషన్‌వారు కాదన్నారు. 1967 జూన్‌లో ప్రసారాల కమిషన్ మాత్రం అవునన్నది. రమారమి మూడు సిగరెట్టు ప్రకటనలకు ఒకటి చొప్పున, ఎదురు ప్రకటన ఉచితంగా వేయవలసివచ్చింది.

వాటిలో ఒకటి చెప్పుకోదగ్గది. పెరీ మేసన్ నాటకమాలలో విలియం టాల్మన్ అనే నటుడు ప్రభుత్వ వకీలు వేషం వేసేవాడు. ప్రతి కేసులోనూ దాదాపు ఓడిపోవడమే అతని పాత్ర. ఊపిరితిత్తుల కాన్సర్ వచ్చాక, తన ఇంట్లో భార్యాబిడ్డలను చూపిస్తూ, ఈ కేసు మాత్రం ఓడిపోవడం తనకిష్టం లేదనే అర్థంలో మాట్లాడాడు. 1968 ఆగస్టులో కన్నుమూశాడు. జనం ఆ బొమ్మ చూసేనాటికి మనిషి లేడు.

ఉన్నట్టుండి అమెరికాలో తలసరి సిగరెట్ల వాడకం తగ్గడం మొదలుపెట్టింది. అప్పుడు కంపెనీలు చేసిన పని చూడండి: 1969లో, టెలివిజన్ ప్రకటనలు మేమే మానుకుంటామని ముందుకొచ్చాయి! తమ ప్రకటన లేకుంటే ఎదురు ప్రకటనకూ హక్కు లేదు గదా. 1970లో చట్టం వచ్చింది. నిషేధం 1971 జనవరి 1నుంచి కాదు, 2నుంచి. కొత్త సంవత్సరంనాటి ఫుట్‌బాల్ ఆటలు వదులుకుంటారా మరి! ఆ అర్ధరాత్రికి కాస్త ముందు వర్జీనియా స్లిమ్స్ ప్రకటనతో ఆఖరి తెర పడింది.

వైద్యులు గెలిచారనే అందరూ అనుకున్నారు. కాని ఎదురు ప్రకటనలు చాలావరకు మాయమై, వాడకం మళ్లీ కొన్నేళ్లు పైకి పాకింది. డబ్బు పత్రికలకూ రోడ్డుపక్క బోర్డులకూ మళ్లింది. వర్జీనియా స్లిమ్స్ పేర ఆడవాళ్ల టెన్నిస్ పోటీలే నడిచాయి.

మన దేశంలో 2003 చట్టం ప్రకారం, 2004 మే 1నుంచి పొగాకు ప్రకటనలు నిషిద్ధం. పైగా 2012 అక్టోబరు 2నుంచి, సినిమాలో పొగతాగే దృశ్యముంటే ఆటకు ముందూ మధ్యలోనూ ఆరోగ్య చిత్రం వేయాలి. దృశ్యం నడిచినంతసేపూ కింద హెచ్చరిక వుండాలి. హాల్లో జనం విసుక్కుంటారు, నిజమే. అయినా బాంజాఫ్ ఉత్తరం రాసి సాధించినదే మనకు నియమంగా దక్కింది. 2023 సెప్టెంబరు 1నుంచి ఇంటర్నెట్టులో వచ్చే సినిమాలకూ వర్తించింది.

ఇక్కడా సందులున్నాయి. పొగాకు సరుకు పేరే పెట్టుకున్న పాన్ మసాలానూ ఏలకుల గింజలనూ సినిమా తారలు నోరూరేలా పొగుడుతుంటారు. ఆ ప్రకటనల పక్కన ఎదురు బొమ్మ వేయాలన్న నియమం మాత్రం లేదు.