కాల్చేది క్షణమే, నొప్పి మాత్రం చాలాసేపు

డెయిరీల్లో పుట్టిన జెర్సీ, హోల్‌స్టీన్ ఫ్రీజియన్ (హెచ్‌ఎఫ్) సంకరజాతి దూడలకు నెలా రెండు నెలల వయసులోనే కొమ్ము మొలకలు కాల్చేయడం మామూలే. పెద్దయ్యాక పశువులు ఒకదాన్నొకటి పొడుచుకోకుండా, పాలు పితికే మనిషికి గాయం కాకుండా చేసే పని అది. సుమారు రెండు నెలల వరకు మొలక చర్మాన్నే అంటిపెట్టుకుని ఉంటుంది, ఆ తర్వాత పుర్రె ఎముకతో కలిసిపోతుంది. అందుకే చిన్నప్పుడే చేస్తే గాయం చిన్నదిగా ఉంటుంది. ఇంతవరకు లెక్క సరైనదే. కానీ దాని వెంటే ఇంకో మాట వినిపిస్తుంది: పసిది కదా, అంత నొప్పి తెలియదులే అని. అది మాత్రం నిజం కాదు.

ఈ పొరపాటు పశువుల విషయంలోనే జరగలేదు. పసికందులకు నొప్పి సరిగా తెలియదన్న నమ్మకంతో 1980ల వరకూ కొన్నిచోట్ల మనుషుల బిడ్డలకే తగినంత మత్తు లేకుండా ఆపరేషన్లు చేశారు. దూడ నోరు విప్పి చెప్పలేదు గనక శాస్త్రవేత్తలు దాని రక్తాన్ని అడిగారు. మత్తు లేకుండా కాల్చిన దూడల్లో ఒత్తిడికి గుర్తయిన కార్టిసాల్ వెంటనే పెరిగి గంటల తరబడి ఎక్కువగానే ఉంటుంది. లిగ్నోకైన్ వంటి మత్తుసూది వేస్తే ఆ మొదటి ఉప్పెన ఆగుతుంది. అయితే మందు ప్రభావం దిగగానే కార్టిసాల్ మళ్లీ లేస్తుంది. అంటే సూది నొప్పిని తీసేయలేదు, వాయిదా వేసిందంతే. మెలోక్సికామ్ వంటి వాపు తగ్గించే మందు కూడా ఇచ్చినప్పుడే ఆ రెండో పోటు తగ్గుతుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి 2013లో వెలువడిన పరిశోధన ఇంకా లోతుకు వెళ్లింది. ఒక రంగు తెర దగ్గరికి వెళితే పాలు దొరుకుతాయి, మరో రంగు దగ్గర దొరకవని దూడలకు నేర్పారు. మొలకలు కాల్చాక, రెండు రంగులకూ మధ్యస్థంగా ఉన్న తెరను చూపిస్తే అవి పాల ఆశతో ముందుకు కదలడం తగ్గిపోయింది. మనసు కుంగిన మనిషి ఎటుచూసినా చెడే ఊహించినట్టు అన్నమాట. ఇక పుండు పూర్తిగా మానడానికి వారాలు పడుతుంది.

సూది గుచ్చడం మాత్రం నొప్పి కాదా అంటారు. నొప్పే, కానీ అది కొద్ది క్షణాలది. నరాన్ని మొద్దుబార్చకుండా కాల్చిన పుండు గంటలు సలుపుతుంది. మందు పాలలోకి వస్తుందన్న భయం పాలివ్వని దూడ విషయంలో అక్కర్లేదు. ఖర్చూ, డాక్టరు దొరకకపోవడమూ మాత్రం నిజమైన ఇబ్బందులే, వాటిని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే చిన్న దూడకు పట్టే మందు తక్కువ. నాలుగు దూడలకు ఒకే రోజు చేయిస్తే రాకపోకల ఖర్చు పంచుకోవచ్చు. మెలోక్సికామ్‌కు మరో గుణముంది: రాబందుల్ని తుడిచిపెట్టినందుకు 2006లో పశువైద్యంలో నిషేధించిన డైక్లోఫెనాక్‌లా కాకుండా ఇది ఆ పక్షులకు హాని చేయదు.

చట్టం కూడా మారింది. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం 1960లో వచ్చినప్పుడే కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం, వాతలు పెట్టడం, ముక్కుతాడు వేయడం నిర్ణీత పద్ధతిలో చేస్తే తప్పు కాదంది. ఆ పద్ధతి ఏమిటో తేల్చిన నియమాలు 2023లో వచ్చాయి. కొమ్ములు తీయడం, విత్తులు కొట్టడం వంటివి రిజిస్టరైన పశువైద్యుడే, మత్తు ఇచ్చి చేయాలన్నాయి. న్యూజిలాండ్‌లో 2019 అక్టోబరు నుంచి మత్తు లేకుండా మొలకలు కాల్చడం నేరం.

కాబట్టి డాక్టరు వచ్చిన రోజు రైతు పట్టుబట్టాల్సినవి రెండు: ముందు మత్తు, ఆ మత్తు దిగేలోపే పనిచేసేలా నొప్పిమందు. మత్తుసూది కంటి చివరికీ కొమ్ము మొదలుకీ మధ్య, ఎముక గట్టు కింద వేస్తారు. వేసిన వెంటనే కాల్చే ఇనుము పట్టుకోకూడదు, పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత మొలక చుట్టూ సూదిమొనతో తాకి చూడాలి. దూడ తల వెనక్కి లాక్కుంటే, ఇంకా కాసేపు ఆగాలి.