ఉప్పు, నీరు, జీవకణము

హుమ్మ ఉప్పుమళ్లను ఎరుగని విద్యార్థి మనలో లేడు. అచ్చట ఎండకు నీరు ఆవిరియై ఉప్పు మిగులును. ఆ ఉప్పునే మామిడికాయ ముక్కలపై చల్లినచో, కొంతసేపటికి ముక్కలు ముడుతపడి, చుట్టును నీరు ఊరును. ఆ నీరు ఎక్కడిది? ముక్కలలోని జీవకణములనుండి వచ్చినదే.

ప్రతి జీవకణము చుట్టును కణత్వచమను మిక్కిలి పలుచని పొర కలదు. అది ముఖ్యముగా రెండు వరుసల క్రొవ్వు అణువులతో ఏర్పడినది. ప్రాణవాయువు దానిగుండా సులభముగా పోవును. ఉప్పు, పంచదార అట్లు పోజాలవు. నీరు మాత్రము పలుచని ద్రావణమునుండి చిక్కని ద్రావణము వైపునకు పొరను దాటి పోవును. దీనినే ద్రవాభిసరణము అందురు. ఎండుచేపలు చెడకుండుటకును ఇదియే ఒక కారణము: ఉప్పు సూక్ష్మజీవుల నీటిని సైతము లాగివేయును. నీరు త్వరితముగా పోవుటకు పొరలో ప్రత్యేకమైన మాంసకృత్తు ద్వారములు కలవని కనుగొన్న పీటర్ ఆగ్రేకు 2003లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది.

మరి మనము తినిన ఉప్పు కణములోనికి ఎట్లు పోవును? పేగు గోడలోని కణములకు ఒక జంట ద్వారము కలదు. ఉప్పులోని సోడియము, పంచదారనుండి వచ్చు గ్లూకోజు కలిసి వచ్చిననే అది రెంటిని లోనికి చేర్చును. వాని వెంట నీరును పోవును. ఈ సంగతిని 1960లో రాబర్టు క్రేన్ ప్రతిపాదించెను.

కలరా విషము పేగునుండి నీటిని వెలికి ప్రవహింపజేయునుగాని, ఈ జంట ద్వారమును మూయజాలదు. 1971లో వంగదేశమందలి బన్‌గావ్ శరణార్థి శిబిరమున, సెలైను కొరవడినప్పుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి అనేకుల ప్రాణములు నిలిపెను.

కావున తల్లిదండ్రులు గమనింపవలెను. విరేచనములు పట్టిన బిడ్డకు నీరు మాన్పరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును, దానిపై వ్రాసినంత నీటిలోనే కలుపవలెను. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన ఒక లీటరు నీటిలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలిపి, కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. ఉప్పు హెచ్చినచో మామిడి ముక్కకు కలిగిన గతియే దేహమునకును కలుగును. పంచదార హెచ్చినను విరేచనములు పెరుగును. బిడ్డ సోలిపోయినను, త్రాగలేకపోయినను, మలమున నెత్తురు కనిపించినను వెంటనే వైద్యుని కడకు గొనిపోవలెను.